గ్యాస్ ఫేజ్‌లో ఎక్సైటెడ్ పరమాణువులు, అణువులు: ప్రాజెక్టుకి ఏది ఎంచుకోవాలి?

జూన్ వచ్చిందంటే ఎమ్మెస్సీ ఫైనలియర్ పిల్లలు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంటుంది. ఎలక్ట్రానిక్‌గా ఎక్సైట్ అయిన, అంటే ఎలక్ట్రాన్లు ఎక్కువ ఎనర్జీ ఉన్న అమరికలోకి ఎక్కిన పరమాణువుల రియాక్షన్ల మీద పని చేద్దామనుకుంటున్నాం, ఏది తీసుకుంటే బాగుంటుంది అని. అడిగిన నోటితోనే చాలామంది జవాబు కూడా చెప్పేస్తారు: హీలియం మెటాస్టేబుల్‌లో (కాంతి విడిచి కిందికి దిగడానికి చాలాసేపు పట్టే ఎక్సైటెడ్ స్థితిలో) దాదాపు 20 ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్నాయట కదా, అదైతే దేన్నైనా విరగ్గొట్టేస్తుంది కదా! విరగ్గొడుతుంది, నిజమే. హీలియం, నియాన్ తప్ప ఏది ఎదురొచ్చినా దాని ఎలక్ట్రాన్‌ని ఊడబీకుతుంది కూడా. కానీ ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఎనర్జీని ఆఖర్న చూడాలి అంటాను నేను. ముందు చూడాల్సింది మీ గొట్టంలో ఉన్న గ్యాస్ మధ్య అది ఎంతసేపు బతుకుతుంది అనేది. తర్వాత, ఢీకొన్నప్పుడు రియాక్షన్ చేస్తుందా, ఊరికే చల్లారిపోతుందా, అంటే ఏ రియాక్షనూ లేకుండా ఎనర్జీ పోగొట్టుకుంటుందా (దీన్నే క్వెంచింగ్ అంటారు). ఆపైన, దాన్ని పుట్టించడానికి, కనిపెట్టడానికి మీ ల్యాబ్‌లో ఏ సరంజామా ఉంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను, విషయం తేటపడుతుంది. ఆక్సిజన్ పరమాణువు మొదటి ఎక్సైటెడ్ స్థితిని మనవాళ్లు ఓ-వన్-డీ అంటారు. గ్రౌండ్ స్టేట్‌కి, అంటే అన్నిటికంటే కింది స్థితికి, 1.97 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంటుంది. ఒంటరిగా వదిలేస్తే కాంతి విడిచి కిందికి దిగడానికి దానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. పరమాణువుల ప్రపంచంలో రెండు నిమిషాలంటే యుగం. అదే పరమాణువుని 1 టార్ (వాతావరణ పీడనంలో 760వ వంతు) నైట్రోజన్‌లో పెట్టండి. నైట్రోజన్ దాన్ని చల్లార్చే రేటు స్థిరాంకం గది ఉష్ణోగ్రత దగ్గర 3.1×10⁻¹¹ ఘన సెం.మీ./సెకను, 1 టార్‌లో ఘన సెంటీమీటరుకి ఉండే అణువులు సుమారు 3.2×10¹⁶. రెండూ గుణించి తిరగేస్తే వచ్చేది ఒక మైక్రోసెకను. ఫ్లో ట్యూబ్‌లో గ్యాస్ సెకనుకి 10 మీటర్ల వేగంతో పోతున్నా ఈ లోపల అది కదిలే దూరం 10 మైక్రోమీటర్లు, అంటే వెంట్రుక మందం కూడా లేదు. పుస్తకంలో రెండు నిమిషాలు అని చదివి, డిశ్చార్జ్‌లో (గ్యాస్‌లోంచి కరెంటు పంపి) పుట్టించి గొట్టం చివర కొలుద్దాం అనుకుంటే అక్కడికి ఒక్కటి కూడా చేరదు. దీన్ని పల్స్ లేజర్‌తో, ఎక్కడ పుట్టిందో అక్కడే, మైక్రోసెకన్లలో పట్టుకోవాలి. నైట్రోజన్ బదులు హీలియం పెడితే బతుకు చాలా మెరుగుపడుతుంది, ఎందుకంటే హీలియం దాన్ని చల్లార్చదు అనే చెప్పొచ్చు.

అందుకే ఓ-వన్-డీ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: యూవీ పల్స్ లేజర్ అందుబాటులో ఉందా? ఉంటే కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి. లేకపోతే దీన్ని ఆశించి రెండేళ్లు పోగొట్టుకోవద్దు.

ఎందుకు అంత నమ్మకంగా చెప్తున్నానంటే, ఇంత గొప్ప కెమిస్ట్రీ ఉన్న ఎక్సైటెడ్ పరమాణువు ఇంకోటి లేదు. మామూలు ఆక్సిజన్ పరమాణువు మీథేన్‌తో గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు ఏమీ చేయదు, మధ్యలో పెద్ద ఎనర్జీ అడ్డుగోడ (బారియర్) ఉంది. ఓ-వన్-డీ అయితే 1.75×10⁻¹⁰ రేటుతో, అంటే ఢీకొన్న దాదాపు ప్రతిసారీ పని జరిగిపోతుంది. తేడా కోటి రెట్ల పైమాటే. ఈ తేడా అంతా ఆ 1.97 ఎలక్ట్రాన్ వోల్టుల వల్లే అనుకోవద్దు, స్పిన్ సంగతి కూడా ఉంది: మామూలు ఆక్సిజన్ పరమాణువు ట్రిప్లెట్ (రెండు ఎలక్ట్రాన్ల స్పిన్ ఒకే దిశలో ఉంటుంది), ఓ-వన్-డీ సింగ్లెట్ (స్పిన్‌లన్నీ జతపడి ఉంటాయి). ట్రిప్లెట్ ఆక్సిజన్ హైడ్రోజన్‌తో కలిస్తే నీటి అణువు గ్రౌండ్ స్టేట్ లోయలోకి నేరుగా దిగలేదు, ఒక హైడ్రోజన్‌ని బయటనుంచి లాక్కోవాలి. సింగ్లెట్ ఆక్సిజన్ పరమాణువు బంధం మధ్యలోకే దూరి నీళ్లయిపోయి, ఆ వేడికి మళ్లీ విడిపోయి ఓహెచ్‌ని (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న ముక్కని) వదులుతుంది. వచ్చే ఓహెచ్ కంపిస్తూ వస్తుంది. ఏ కంపన స్థాయిలో ఎంత ఉందో కొలిస్తే అదే ఒక థీసిస్.

పుట్టించే దారులు రెండు. ఓజోన్‌ని 248 లేదా 266 నానోమీటర్ల దగ్గర కొట్టడం ఒకటి, నైట్రస్ ఆక్సైడ్‌ని 193 దగ్గర కొట్టడం ఇంకోటి. 266 కావాలంటే ఎన్‌డీ-యాగ్ లేజర్ నాలుగో హార్మోనిక్ చాలు, ఎక్సైమర్ లేజర్‌కి (ఆర్గాన్ ఫ్లోరైడ్ లాంటి వాయువుతో నడిచే యూవీ లేజర్‌కి) కావాల్సిన ఫ్లోరిన్ సిలిండర్ తలనొప్పి ఉండదు. ఓజోన్ దారిలో దిగుబడి బాగుంటుంది, పదింటికి తొమ్మిది ఓ-వన్-డీ వస్తాయి. కానీ ఓజోన్‌ని సిలికా జెల్ మీద చల్లబరిచి దాచుకోవాలి, అది పేలే సరుకు, కొత్తవాళ్ల చేతికి ఇచ్చి మనం టీకి పోయేది కాదు. నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్‌లో దొరుకుతుంది, ఆసుపత్రుల్లో మత్తుకి వాడేదే. కాకపోతే తను పుట్టించిన ఓ-వన్-డీని తనే తినేస్తుంది, 1.3×10⁻¹⁰ రేటుతో, కాబట్టి తక్కువ పీడనంలో పెట్టి ఆ వాటాని లెక్కలో పట్టుకోవాలి. చూడటం ఎట్లా అంటే, ఓ-వన్-డీని నేరుగా చూడాలంటే 115 నానోమీటర్ల వ్యాక్యూమ్ యూవీ కావాలి, అది పెద్ద పని. దానికంటే పుట్టిన ఓహెచ్‌ని 282 దగ్గర ఎక్సైట్ చేసి 308 దగ్గర వచ్చే ఫ్లోరెసెన్స్ చూడటం తేలిక. దీనికి ఒక డై లేజర్ అదనం, దాంతో బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది, ముందే చెప్తున్నా.

ఇక మా తిరుపతివాళ్లకి ఈ పరమాణువు మీద మోజు పెరగడానికి వేరే కారణం ఉంది. ఏప్రిల్ ఆఖర్లో, ఆగస్టు నడుమ మన నడినెత్తిన సూర్యుడుంటాడు, అప్పుడు ఓజోన్ మీద పడే 310 నానోమీటర్ల లోపలి కాంతి బలంగా ఉంటుంది, ఓ-వన్-డీ పుడుతూనే ఉంటుంది. వాతావరణ పీడనంలో నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి దాన్ని నానోసెకనులో చల్లార్చేస్తాయి. ఆ నానోసెకనులోనే నీటి ఆవిరి తగిలితే రెండు ఓహెచ్‌లు పుడతాయి, రేటు 2×10⁻¹⁰. ఉక్కపోసే రోజు, ఆవిరి పీడనం 30 మిల్లీబార్లు ఉందనుకుని మీరే లెక్క వేయండి, నూటికి 15 దాకా నీళ్లకి దొరుకుతాయి. 10 మిల్లీబార్లే ఉంటే ఆ వాటా నూటికి 5, 6 దగ్గరికి పడిపోతుంది. ట్రోపోస్ఫియర్‌లో ఓహెచ్ ఇట్లానే పుడుతుందని 1971లో హైరమ్ లెవీ చెప్పాడు, మీథేన్ దగ్గర్నుంచి కార్బన్ మోనాక్సైడ్ దాకా గాలిని శుభ్రం చేసేది ఆ ఓహెచ్చే.

లేజర్ లేనివాళ్లకి కూడా ఓ-వన్-డీలో ఒక దారుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. తిరుపతి నుంచి చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోతుంటే గాదంకి టోల్‌గేట్ వస్తుంది కదా, ఆ పక్కనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. మనవాళ్లకి ఎమ్‌ఎస్‌టీ రాడార్ (పై వాతావరణాన్ని గమనించేది) అంటే వెంటనే తెలుస్తుంది. అక్కడ ఎయిర్‌గ్లో (పై గాలి తనంతట తాను విడిచే మసక వెలుగు) కెమెరాతో రాత్రి ఆకాశంలో 630 నానోమీటర్ల ఎర్ర కాంతిని, 557.7 ఆకుపచ్చ కాంతిని గమనిస్తారు. ఎర్రది ఓ-వన్-డీ విడిచేది, సుమారు 250 కిలోమీటర్ల ఎత్తు నుంచి వస్తుంది. ఆకుపచ్చది దానిపై స్థితి, ఓ-వన్-ఎస్ విడిచేది, 97 కిలోమీటర్ల దగ్గర. ఎందుకింత తేడా? ఓ-వన్-ఎస్ ముక్కాలు సెకనులో కాంతి విడిచేస్తుంది, ఆ ఎత్తులో ఉన్న గాలి దాన్ని ఆపలేదు. ఓ-వన్-డీకి రెండు నిమిషాల ఖాళీ కావాలి, 97 దగ్గర నైట్రోజన్ అంత టైమ్ ఇవ్వదు, ఢీకొట్టి ఆర్పేస్తుంది, పైన గాలి బాగా పలచబడ్డాకే దాని వెలుగు కనిపిస్తుంది. ఏ కంపెనీ అమ్మే గొట్టమూ ఇంత పెద్ద ప్రయోగం చేయలేదు. డేటా విశ్లేషణ ఇష్టమైనవాళ్లు ఈ దారి చూడండి, కాకపోతే నిండు వెన్నెల రాత్రులు, ఈశాన్య రుతుపవనాల మబ్బులు లెక్కలోంచి తీసేసుకుని ప్లాన్ వేసుకోవాలి.

సింగ్లెట్ ఆక్సిజన్ సంగతికొద్దాం. పేరు చూసి దీన్ని ఓ-వన్-డీతో కలిపేస్తుంటారు. ఇది ఎక్సైట్ అయిన ఆక్సిజన్ అణువు, అది పరమాణువు, రెండూ వేరు. దీనిలో ఎనర్జీ 0.98 ఎలక్ట్రాన్ వోల్టులే, అంటే మోలుకి 94 కిలోజౌళ్లు. కానీ ఆయుష్షు చూడండి: గ్యాస్ ఫేజ్‌లో కాంతి విడవడానికి గంటకు పైనే పడుతుంది, పైగా మామూలు ఆక్సిజన్ దాన్ని చల్లార్చే రేటు 1.6×10⁻¹⁸ మాత్రమే. 1 టార్ ఆక్సిజన్‌లో కూడా ఇరవై సెకన్ల దగ్గర బతుకుతుంది, గాజు గోడలు కూడా దాన్ని అంత త్వరగా చంపవు. ఇందాకటి పరమాణువు 10 మైక్రోమీటర్లు పోలేకపోయిన గొట్టంలో ఇది మీటర్ల కొద్దీ హాయిగా పోతుంది. మైక్రోవేవ్ డిశ్చార్జ్‌లో ఆక్సిజన్ పంపితే నూటికి పది దాకా ఈ స్థితిలోకి వస్తుంది. డిశ్చార్జ్‌లో ఓ పరమాణువులు కూడా వస్తాయి, వాటిని తీసేయడానికి గొట్టం లోపల మెర్క్యూరిక్ ఆక్సైడ్ పూత పూయడం పాత పద్ధతి. పరమాణువులు వద్దనుకుంటే క్షారం కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోకి క్లోరిన్ పంపడం ఇంకో దారి. 1970ల చివర అమెరికా వైమానిక దళ ప్రయోగశాలలో ఇదే ఎనర్జీని అయోడిన్ పరమాణువులకి అందించి 1315 నానోమీటర్ల లేజర్ నడిపారు.

దీనితో ఇబ్బంది రెండు చోట్ల. మొదటిది, కనిపించదు. 1270 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, మామూలు ఫోటోమల్టిప్లయర్‌కి అది గుడ్డి, ఇండియం గాలియం ఆర్సెనైడ్ లేదా చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ కావాలి. గాఢత బాగా ఉంటే మాత్రం రెండేసి అణువులు కలిసి 634 దగ్గర ఎర్రగా వెలుగుతాయి, చీకట్లో కంటితోనే చూడొచ్చు. రెండోది, గ్యాస్ ఫేజ్‌లో చాలా వాటితో ఇది రియాక్షన్ చేయదు, చేసినా మెల్లగా. కాబట్టి రోజుకొక కొత్త రియాక్షన్ చూద్దామనుకునేవాళ్లకి విసుగు పుడుతుంది. చల్లార్చే రేట్లు, గోడల ప్రభావం ఓపిగ్గా కొలిచే మనస్తత్వం ఉంటే మంచి ఎంపిక. ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తున్నా: శుద్ధ ఆక్సిజన్‌ని బయటికి లాగే రోటరీ పంప్‌లో మామూలు మినరల్ ఆయిల్ పోయొద్దు, పేలే ప్రమాదం ఉంది, పెర్‌ఫ్లోరో ఆయిల్ పోయాలి. ఖరీదెక్కువ, అయినా తప్పదు.

ఇక మెటాస్టేబుల్ ఆర్గాన్, జీనాన్. మధ్యస్థమైన ల్యాబ్‌కి, అంటే మంచి పంప్, ఒక చిన్న స్పెక్ట్రోమీటర్ ఉండి లేజర్ లేని చోట, నేను ముందు చెప్పేది ఇదే. కొన్ని వందల వోల్టుల డీసీ, కొన్ని మిల్లీ యాంపియర్ల కరెంటు, బోలు కాథోడ్‌గా టాంటలమ్ రేకు, 1 టార్ ఆర్గాన్, నిమిషానికి కొన్ని వందల లీటర్లు లాగే పంప్. ఖర్చంతా దాదాపు ఇంతే. ఆర్గాన్ మెటాస్టేబుల్‌లో 11.55 ఎలక్ట్రాన్ వోల్టులుంటాయి, ఆర్గాన్‌లోనే ప్రయాణిస్తుంది గనక త్వరగా చావదు, డిశ్చార్జ్ వెలుగు దాటి కిందికి వచ్చాక చిన్న గొట్టంతో రెండో గ్యాస్ కలపాలి. నైట్రోజన్ కలిపి చూడండి. కలిసిన చోట ఊదారంగు జ్వాల నిలబడుతుంది, స్పెక్ట్రోమీటర్‌లో 337 దగ్గర నైట్రోజన్ బ్యాండ్ దిట్టంగా లేస్తుంది. నైట్రోజన్ కుళాయి కట్టేసినా ఆ 337 పోలేదంటే సిస్టమ్‌లో ఎక్కడో లీక్ ఉన్నట్టు, లేదా సిలిండర్‌లోనే మోసం ఉన్నట్టు. హై ప్యూరిటీ అని చీటీ అంటించి వచ్చిన ఒక ఆర్గాన్ సిలిండర్ బండారం మాకు ఇట్లానే బయటపడింది, మార్చి ఇవ్వడానికి ఆ సప్లయర్ నెలల తరబడి తిప్పాడు.

దీనిలో నాకు బాగా నచ్చే విషయం వేరే ఉంది. ఎక్సైట్ అయిన జడవాయువు పరమాణువు ఇక జడంగా ఉండదు, పక్కా ఆల్కలీ లోహంలా ప్రవర్తిస్తుంది. జీనాన్ అయనీకరణకి 12.13 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, మెటాస్టేబుల్‌లో అప్పటికే 8.32 ఉన్నాయి, మిగిలింది 3.81. సీజియంకి కావాల్సింది 3.89! అందుకే అది క్లోరిన్ కనిపిస్తే దూరం నుంచే ఎలక్ట్రాన్‌ని విసిరేస్తుంది, రెండు అయాన్లు దగ్గరికి లాక్కుంటాయి, 308 నానోమీటర్ల దగ్గర వెలిగే జీనాన్ క్లోరైడ్ పుడుతుంది. సోడియం, పొటాషియంలకి చెప్పే హార్పూన్ (ఎలక్ట్రాన్‌ని బల్లెంలా విసిరి ఎదుటిదాన్ని లాక్కోవడం) కథే ఇది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో సెట్సర్ బృందం 1970లలో ఈ రియాక్షన్లని వరసపెట్టి కొలిచింది, ఎక్సైమర్ లేజర్లు పుట్టింది కూడా ఆ కాలంలోనే. లేసిక్ కంటి ఆపరేషన్‌లో వాడే 193 నానోమీటర్ల ఆర్గాన్ ఫ్లోరైడ్ లేజర్ ఈ కుటుంబానిదే. క్లోరిన్ వాడితే పంప్ ఆయిల్ పాడవుతుంది, ట్రాప్ పెట్టాలి, పొగ బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. మొదటి ఏడాది నైట్రోజన్‌తోనే చేతులు కుదుర్చుకోమంటాను.

హీలియం మెటాస్టేబుల్ కూడా ఇదే సరంజామాతో వస్తుంది. 19.8 ఎలక్ట్రాన్ వోల్టులు, ఒంటరిగా ఉంటే రెండు గంటల పైన ఆయుష్షు. 1927లో పెన్నింగ్ చెప్పిన అయనీకరణ (ఢీకొన్నదాని ఎలక్ట్రాన్‌ని ఊడబీకడం) దీనికి బాగా కుదురుతుంది. కానీ ఎక్కువగా అయాన్లు వస్తాయి, ఎలక్ట్రాన్ ఎనర్జీ అనలైజరో మాస్ స్పెక్ట్రోమీటరో లేకపోతే ఏం జరిగిందో సగం తెలియదు. హీలియం ధర సంగతి నేను చెప్పనక్కర్లేదు.

అయోడిన్ ఎక్సైటెడ్ స్థితి గురించి రెండు ముక్కలు. 0.94 ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్నాయి, సీఎఫ్3ఐని 248 దగ్గర కొడితే తేలిగ్గా వస్తుంది. కానీ ఇట్లాంటి స్పిన్-ఆర్బిట్ ఎనర్జీ (ఎలక్ట్రాన్ స్పిన్, కక్ష్య కలిసే తీరు మారడం వల్ల వచ్చేది) చాలా రియాక్షన్ల కౌంటర్లో చెల్లని నోటు, గ్రౌండ్ స్టేట్ ఉత్పత్తుల వైపు దారి దానికి నేరుగా కలవదు, ఎక్కువసార్లు చల్లారిపోతుంది. ఎనర్జీ మార్పిడి చదవాలంటే సరే, రియాక్షన్లు కావాలంటే వద్దు.

పంప్ కూడా సరిగా లేని డిగ్రీ, పీజీ కాలేజీల మాటేమిటి? వాళ్లకి మిగిలేవి పాదరసం, సోడియం. చరిత్ర పరంగా పాదరసానిదే పెద్దపీట. 253.7 నానోమీటర్ల కాంతి పీల్చుకున్న పాదరసంలో మోలుకి 471 కిలోజౌళ్లుంటాయి, హైడ్రోజన్ బంధానికి 436 చాలు, అందుకే 1922లో కారియో, ఫ్రాంక్ ఇద్దరూ పాదరసం ఆవిరిని మధ్యవర్తిగా పెట్టి హైడ్రోజన్‌ని విరగ్గొట్టగలిగారు. క్రిమిసంహారక యూవీ దీపం చాలు, క్వార్ట్జ్ సెల్ ఉండాలి, మామూలు గాజు ఆ కాంతిని రానివ్వదు. అయినా ఈరోజు నేను దీన్ని పిల్లలకి సిఫారసు చేయను. మే నెల తిరుపతి ఎండలో ఏసీ లేని ల్యాబ్‌లో పాదరసం ఒలికిందంటే ఆ ఆవిరి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఆలోచించండి. లెక్కల్లో కూడా ఒక చిక్కుంది: 120 నానోసెకన్లలో విడిచిన కాంతిని పక్క పాదరసం పరమాణువే పీల్చుకుంటుంది, అదే కాంతి లోపల్లోపలే తిరుగుతూ ఆయుష్షు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. సవరించకపోతే మీ క్వెంచింగ్ రేట్లన్నీ తప్పే.

సోడియంలోనూ ఆ చిక్కు ఉంది, సాంద్రత తక్కువగా ఉంచుకుంటే తప్పించుకోవచ్చు. దీనికి అనుకూలత ఏమిటంటే 589 నానోమీటర్ల పసుపు కాంతి కంటికి కనిపిస్తుంది, 16 నానోసెకన్లలో వచ్చేస్తుంది, ఫోటోడయోడ్‌తో కూడా కొలవొచ్చు. సీల్ చేసిన సెల్‌ని వేడిచేసి, ఒకదానిలో ఆర్గాన్, ఇంకోదానిలో కొన్ని టార్ల నైట్రోజన్ నింపి పక్కపక్కన పెడితే తేడా క్లాసులో చివరి బెంచీ వరకు తెలుస్తుంది: ఆర్గాన్ సెల్ వెలుగు తగ్గదు, నైట్రోజన్ సెల్ మసకబారుతుంది, ఎందుకంటే నైట్రోజన్ ఆ ఎనర్జీని తన కంపనాల్లోకి లాక్కుంటుంది. 1919 నాటి స్టెర్న్-వోల్మర్ గ్రాఫ్ (చల్లార్చే గ్యాస్ పెరిగేకొద్దీ వెలుగు ఎంత తగ్గుతుందో చూపేది) గీయడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. వేడి సోడియం ఆవిరి గాజుని గోధుమరంగుకి తిప్పుతుంది, సెల్ ఎక్కువకాలం నిలవదని ముందే తెలుసుకోండి.

ఏ సరంజామా లేదు, కంప్యూటర్ ఉంది అనేవాళ్లు కూడా ఉంటారు. తప్పకుండా చేయొచ్చు, సింగ్లెట్, ట్రిప్లెట్ ఎనర్జీ తలాలు (పరమాణువుల మధ్య దూరాలతో ఎనర్జీ ఎట్లా మారుతుందో చూపేవి) ఎక్కడ ఒకదాన్నొకటి దాటుతాయో వెతకడం మంచి పనే. ఓ-వన్-డీని నైట్రోజన్ అంత వేగంగా చల్లార్చగలగడానికి కారణం మధ్యలో కాసేపు నిలిచే నైట్రస్ ఆక్సైడ్ లాంటి కాంప్లెక్స్, అక్కడ తలం మారడానికి దానికి వ్యవధి దొరుకుతుంది. ఇది కాగితం మీద చూస్తే చాలా అందంగా ఉంటుంది. కానీ మామూలు డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి ఎనర్జీ లెక్కించే పద్ధతి) ప్రోగ్రాం తెరిచి స్పిన్ మల్టిప్లిసిటీ ఒకటి (సింగ్లెట్) అని కొట్టి రన్ నొక్కితే వచ్చేది ఓ-వన్-డీ కాదు, ఆ స్థితిని ఒకే ఎలక్ట్రాన్ అమరికతో రాయలేం, చాలా అమరికలు కలిపి చూసే మల్టీరిఫరెన్స్ పద్ధతి కావాలి. అది నేర్చుకోవడానికే ఒక సెమిస్టర్ పోతుంది. పెద్ద అణువు జోలికి పోకముందు ఒంటరి ఆక్సిజన్ పరమాణువు మీద పరీక్ష పెట్టండి, సింగ్లెట్, ట్రిప్లెట్ మధ్య తేడా 1.97 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లోకి రాకపోతే ఆ పద్ధతితో ముందుకు పోవద్దు.